లిక్విడ్ బయాప్సీకి రక్తం ఇచ్చే ముందు ట్యూబు చూడండి

కర్నూలు, కడప, అనంతపురం వాళ్లకు హెచ్చరిక. క్యాన్సర్‌కు ఏ మందు పనిచేస్తుందో తేల్చడానికి రక్తంలో కణితి (ట్యూమర్) డీఎన్ఏను వెతికే పరీక్షే లిక్విడ్ బయాప్సీ. దీనికి కూడా కలెక్షన్ సెంటరు వాళ్లు సీబీసీకి, అంటే మామూలు రక్తకణాల లెక్క పరీక్షకు వాడే ఊదారంగు మూత ట్యూబులోనే రక్తం తీసి, రాత్రి బస్సు పార్సిల్‌లో హైదరాబాదుకో బెంగళూరుకో పంపేస్తే, వేలకు వేలు కట్టిన పరీక్ష దారిలోనే చెడిపోవచ్చు.

ఊదా మూత ట్యూబులో (రక్తం గడ్డకట్టకుండా ఆపే ఈడీటీఏ ఉండేది) గంటల తరబడి ఉంటే తెల్ల రక్తకణాలు పగిలి, వాటి డీఎన్ఏ ప్లాస్మాలో, అంటే రక్తంలోని ద్రవభాగంలో కలిసిపోతుంది. కణితి డీఎన్ఏ అసలే అతి స్వల్పం, చాలామందిలో నూటికి ఒక వంతు కూడా ఉండదు. అది ఈ కల్తీలో మునిగిపోతుంది. ఈ ట్యూబే వాడితే 4 నుంచి 6 గంటల్లోపు ప్లాస్మా వేరుచేసి, దాన్ని రెండోసారి సెంట్రిఫ్యూజ్ యంత్రంలో ఎక్కువ వేగంతో తిప్పి, డ్రై ఐస్‌లో పంపాలి. ఆ వసతి లేని సెంటరు కణాలు పగలకుండా కాపాడే స్ట్రెక్ లాంటి ట్యూబులే వాడాలి. మామూలుగా 10 మి.లీ. ట్యూబులు రెండు తీస్తారు. నిండుగా తీసి, వెంటనే 8 నుంచి 10 సార్లు మెల్లగా తలకిందులు చేయాలి. గట్టిగా ఊపితే ఎర్రకణాలు పగులుతాయి.

స్ట్రెక్ ట్యూబు కూడా 6 నుంచి 37 డిగ్రీల మధ్యే 14 రోజులు ఆగుతుంది. మే నెలలో మన ఎండ 40 దాటుతుంది, బస్సు డిక్కీ సంగతి చెప్పనక్కర్లేదు. అలాగని ఐసు మీద పెట్టకూడదు. వేడి తగలని ఇన్సులేటెడ్ పెట్టెలో పంపమని గట్టిగా అడగండి.

ఇక రిపోర్టు. ‘మ్యుటేషన్ (జన్యు మార్పు) కనబడలేదు’ అంటే లేదని కాదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పులు వెతికే రక్తపరీక్షకు 2016లో అనుమతి ఇచ్చినప్పుడే, రక్తంలో దొరక్కపోతే కణితి ముక్క పరీక్షించాలని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెప్పింది. జబ్బు మెదడుకే పరిమితమైనా, మందు బాగా పనిచేస్తున్న సమయంలో రక్తం తీసినా కణితి డీఎన్ఏ దొరక్కపోవచ్చు. అందుకే మందు మొదలుపెట్టకముందో, జబ్బు మళ్లీ పెరిగినప్పుడో తీయాలి. పెద్ద వయసువాళ్లలో డీఎన్ఎంటీ3ఏ, టెట్2 లాంటి జన్యువుల్లో కనబడే మార్పులు కణితివి కాకుండా రక్తకణాలవే అయి ఉండొచ్చు. వాటిని చూసి మందు మార్చొద్దు, ముందు ఆంకాలజిస్టును అడగండి.

సూది గుచ్చకముందే ట్యూబు పేరు, ఎక్స్‌పైరీ తేదీ చూడండి. రక్తం తీసిన సమయం ఫారం మీద రాయించి ఫోటో తీసుకోండి. ఊదా మూత ట్యూబు పట్టుకొస్తే, ప్లాస్మా ఎక్కడ, ఎన్ని గంటలకు వేరుచేస్తారో అడగండి. జవాబు రాకపోతే చెయ్యి చాపొద్దు, డబ్బు కట్టొద్దు.