ఉప్పునీటి చేపకు తెల్లమచ్చలు: రాగి మందా, ఉప్పు తగ్గించడమా?

ఈ మచ్చలకు కారణమైన క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి చేప చర్మంలో, మొప్పల్లో దాగి ఉన్నంతసేపు రెండు పద్ధతులూ దాన్ని ఏమీ చేయలేవు. చేపను వదిలి నీటిలోకి వచ్చినప్పుడే చంపగలం. అందుకే ఏ దారి పట్టినా సుమారు నాలుగు వారాలు, అదీ విడి తొట్టెలోనే. పగడాలు, రొయ్యలు రెండింటినీ తట్టుకోలేవు.

ఖర్చు: రాగికి మందు, పరీక్ష కిట్ కొనాలి. ఉప్పు తగ్గించడానికి నమ్మదగిన రిఫ్రాక్టోమీటర్ (నీటిలో ఉప్పును కొలిచే పరికరం) చాలు.

శ్రమ: అయానిక్ రాగిని (నీటిలో అయాన్లుగా కరిగి ఉండే రాగిని) లీటరుకు 0.15–0.20 మిల్లీగ్రాముల మధ్య నిలపాలి. రాళ్లు, ఇసుక దాన్ని పీల్చేస్తాయి కాబట్టి రోజూ కొలవక తప్పదు. రెండో పద్ధతిలో నీటి సాపేక్ష సాంద్రత (ఉప్పు ఎంతుందో తెలిపే కొలత) 1.009 దగ్గర ఉండాలి. నీరు ఆవిరై అది పెరిగితే వైద్యం మళ్లీ మొదటికొస్తుంది.

ప్రమాదం: రాగి ఎక్కువైతే చేపకే విషం. తక్కువ ఉప్పును తట్టుకునే పరాన్నజీవి రకాలూ ఉన్నాయి.

మాండరిన్ వంటి రాగి పడని చేపకైతే ఉప్పు తగ్గించడమే నయం. బంగారు ధూళిలాంటి పొర, వేగంగా ఊపిరి కనిపిస్తే అది వెల్వెట్ అనే మరో పరాన్నజీవి జబ్బు కావచ్చు. అప్పుడు ఆలోచించకండి, రాగే వాడండి. ఉప్పు తగ్గింపుకు వెల్వెట్ లొంగదు.