కాలిన్ మెకంజీ జీవిత చరిత్ర కొనబోయేవారికి ఒక హెచ్చరిక

కైఫియత్తులను, అంటే ఊళ్ల స్థానిక చరిత్రలను, సేకరింపజేసిన మెకంజీ దొర జీవిత చరిత్ర అనుకొని గత నెలలో నేను రెండు సంపుటాలకు రూ. 2,340 చెల్లించాను. ఇంటికి వచ్చినది ఆయన చరిత్ర కాదు. ఆయన పోయిన సరిగ్గా అరవై ఏళ్లకు కన్నుమూసిన మరొక కాలిన్ మెకంజీ చరిత్ర. తమ ఊరి కైఫియత్తు వెతుక్కుంటూ, ఆ సేకరణ వెనుక ఉన్న మనిషి గురించి కూడా తెలుసుకోవాలనుకొనే తెలుగువారు చాలామంది ఉన్నారు కనుక, అదే ప్రకటన కంటబడినప్పుడు డబ్బు కట్టే ముందు ఈ నాలుగు మాటలు చదవవలసిందిగా కోరుతున్నాను.

నేను మోసపోవడానికి మొదటి కారణం అట్ట మీది బొమ్మ. థామస్ హికీ 1816లో వేసిన తైలవర్ణ చిత్రం మీలో చాలామంది చూసే ఉంటారు: ఎర్ర కోటు వేసుకొని మెకంజీ నిలబడి ఉంటాడు, చుట్టూ ముగ్గురు దేశీయ సహాయకులు ఉంటారు, వారిలో ఒకరి చేతిలో దుర్భిణి ఉంటుంది, వెనుక దూరాన గోమఠేశ్వరుని విగ్రహం కనిపిస్తుంది. ప్రకటనలోని పుస్తకానికి ముఖచిత్రం అదే. కింద ‘కాలిన్ మెకంజీ, మద్రాసు సైన్యాధికారి, భార్య రాసిన సంపూర్ణ జీవిత చరిత్ర, అరుదైన పునర్ముద్రణ’ అని ఉంది. మెకంజీ మద్రాసు ఇంజనీర్ల దళం మనిషే. ఆయనకు భార్య ఉన్నదీ నిజమే, ఆయన మరణానంతరం ఆయన సేకరించిన గ్రంథరాశిని ఈస్టిండియా కంపెనీకి లక్ష రూపాయలకు ఇచ్చింది ఆమే. ఆమె పేరు పెట్రొనెల్లా అని నాకు తెలుసు, ప్రకటనలో రచయిత్రి పేరు హెలెన్ అని ఉండడమూ చూశాను. చూసి కూడా, రెండో పేరేదో అయి ఉంటుందిలే అని సరిపెట్టుకున్నాను. ఆ తప్పు నాదే.

నాకు కావలసినది కావలి సోదరుల ప్రస్తావన. ఏలూరికి చెందిన కావలి వెంకట బొర్రయ్య చిన్న వయసులోనే మెకంజీ దగ్గర చేరి, గ్రామాలు తిరిగి శాసనాలు, దండకవిలెలు (పాత గ్రామ దస్తావేజులు), వంశావళులు సేకరించే పద్ధతికి దారి వేసి, 1803లో చనిపోయాడు. ఆ పని తరువాత తమ్ముడు లక్ష్మయ్య చేతికి వచ్చింది. ఈ దేశపు విద్యల గుమ్మం తనకు మొదట తెరిచినది బొర్రయ్యే అన్న అర్థంలో మెకంజీ 1817లో అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కు రాసిన ఉత్తరంలో చెప్పుకున్నాడు. అటువంటి మనిషి గురించి దొర ఇంటి ఇల్లాలు ఏమి రాసి ఉంటుందో అన్న ఆశతోనే పార్సెల్ విప్పాను.

మొదటి సంపుటం తిరగేస్తే ఎక్కడ చూసినా కాబూల్, అక్బర్ ఖాన్, మంచు, బందీలు. బొర్రయ్య లేడు, శ్రీరంగపట్నం లేదు, అమరావతి లేదు. ముద్రణ కూడా పాత పుటలను యంత్రంతో నకలు తీసి అచ్చు వేసినది కావడంతో కొన్ని పేజీల అంచు అక్షరాలు సగానికి తెగిపోయి ఉన్నాయి. రెండో సంపుటంలో ‘బొలారం’ అన్న పేరు కనబడగానే ప్రాణం లేచి వచ్చింది. హైదరాబాదు సంగతులు ఉన్నాయి కదా, కైఫియత్తులూ ఉంటాయి అనుకొని కుర్చీలో సర్దుకొని కూర్చున్నాను. రెండు పేజీలు చదివాక సంవత్సరం తగిలింది: 1855. కైఫియత్తుల మెకంజీ అప్పటికి ముప్పై నాలుగేళ్లుగా కలకత్తా సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానంలో ఉన్నాడు.

ఈ పుస్తకం లెఫ్టినెంట్ జనరల్ కాలిన్ మెకంజీది. ఆయన 1806లో పుట్టి 1881లో పోయాడు. మద్రాసు పదాతి దళంలో చేరి, కొడగు యుద్ధంలో పాల్గొని, అఫ్గాన్ యుద్ధానికి వెళ్లి, 1841 డిసెంబరులో కాబూల్‌లోని బ్రిటిష్ రాయబారి మెక్‌నాటెన్ హత్య జరిగినప్పుడు అక్కడే ఉండి బందీగా చిక్కాడు. తరువాత నిజాం రాజ్యంలోని హైదరాబాద్ కంటింజెంట్ అనే సైన్యానికి బ్రిగేడియరుగా వచ్చి, 1855లో బొలారంలో మొహర్రం ఊరేగింపు విషయంలో తిరగబడిన గుర్రపు దళం కత్తులకు తీవ్రంగా గాయపడ్డాడు. భార్య హెలెన్ 1884లో ఆయన కథను ‘స్టార్మ్స్ అండ్ సన్‌షైన్ ఆఫ్ ఎ సోల్జర్స్ లైఫ్’ అనే పేరుతో రెండు సంపుటాలుగా ప్రచురించింది. బొలారం చరిత్ర రాసేవారికి అది పనికివచ్చే పుస్తకమే, నేను కాదనను. నేను డబ్బు కట్టింది మాత్రం దానికి కాదు.

మనవాడు, అంటే మనం మెకంజీ దొర అని పిలుచుకొనేవాడు, స్కాట్లండ్ వాయవ్యాన ఉన్న లూయిస్ దీవిలోని స్టోర్నోవే పట్టణంలో 1754లో పుట్టాడు. అక్కడ సుంకాల శాఖలో పనిచేసి, 1783లో మద్రాసు చేరి, మైసూరు సర్వే నడిపి, జావా వెళ్లివచ్చి, 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయి, 1821 మే 8న మరణించాడు. ఇద్దరికీ ఒకే పేరు రావడంలో వింతేమీ లేదు. మెకంజీ అన్నది గేలిక్ భాషలో ‘కెనెత్ కొడుకు’ అనే అర్థం నుంచి వచ్చిన వంశనామం. ఒక పెద్ద తెగ మొత్తానికి అదే ఇంటిపేరు. పెద్దకొడుకుకు తాత పేరు పెట్టే ఆనవాయితీ మనకున్నట్టే వారికీ ఉండేది కనుక, తరం దాటి తరం అవే కాలిన్‌లు, కెనెత్‌లు, అలెగ్జాండర్లు పుడుతూ వచ్చారు. ఒకే ఇంటిపేరుతో అరడజను మంది సుబ్బారావులున్న ఊరిలో ఉత్తరాల బట్వాడా చేసినవారికి ఈ కష్టం తెలిసే ఉంటుంది.

అమ్మకందారుకు రాస్తే మరునాడే జవాబు వచ్చింది: ప్రకటనలో కాలిన్ మెకంజీ అని రాశాము, పుస్తకం కాలిన్ మెకంజీదే, ఆర్డరు మీద ముద్రించినది కనుక వాపసు లేదు అని. మాటకు మాట నిజమే. అయితే అట్ట మీద ఉన్న మనిషి లోపల లేడు కదా అని బొమ్మ గురించి అడిగితే, బొమ్మ ‘అలంకారార్థం’ అన్నారు. ఆ మాట చదివాక వీరితో వాదన అనవసరమని నిర్ణయించుకొని, ప్రకటనలో చూపిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోవడానికి నిరాకరించరాదని 2020 నాటి ఇ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాలు చెబుతున్నాయని గుర్తుచేస్తూ, 1915 నంబరుకు ఫిర్యాదు చేశాను. అయిదు వారాలకు పుస్తకం సొమ్ము వచ్చింది. కొరియరు ఖర్చు రూ. 180 రాలేదు. పుస్తకం వెనక్కి అడగలేదు.

ఈ పొరపాటు పుస్తకాలతో ఆగడం లేదు. మా మిత్రుడొకరు ‘సర్వేయర్ మెకంజీ దేశీయ వేషధారణలో’ అన్న చిత్రపు నకలు కొని, చట్రం కట్టించి గోడకు తగిలించారు. తలపాగా, పొడవాటి అంగీతో ఉన్న ఆ మనిషి కాబూల్ మెకంజీ. అఫ్గాన్ దుస్తుల్లో ఆయనను చిత్రించినవాడు జేమ్స్ శాంట్. ఎవరైనా సర్వేయర్ మెకంజీ ‘ఫోటో’ అమ్మజూపితే ఆలోచించవలసిన పనే లేదు, ఫోటోగ్రఫీ లోకానికి వెల్లడైనది 1839లో. ‘మెకంజీ పటం’ అన్నది మరొక ఉచ్చు: కెనడాలో మెకంజీ నదికి పేరిచ్చిన అలెగ్జాండర్ మెకంజీ కూడా అదే స్టోర్నోవేలో పుట్టినవాడు, దాదాపు అదే కాలంవాడు, ఆ పటాల్లో మంచు సముద్రం ఉంటుంది తప్ప కృష్ణానది ఉండదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫోర్స్ 136 రహస్య దళాన్ని నడిపిన కాలిన్ మెకంజీ ఒకరు ఉన్నారు, ఆయనతో గందరగోళం తక్కువ.

నిజంగా మన మెకంజీ చరిత్రే కావాలనుకొంటే 1952లో వెలువడిన చిన్న పుస్తకం ఒకటి ఉంది. దాని రచయిత డబ్ల్యు. సి. మెకంజీ, అంటే ఆయనా మెకంజీయే. ఆ పేరు పెట్టి వెతికినప్పుడు ఆస్ట్రేలియా శరీరనిర్మాణ శాస్త్రవేత్త సర్ విలియం కాలిన్ మెకంజీ కూడా రావచ్చు. విక్టోరియాలోని హీల్స్‌విల్ వన్యప్రాణి ఆశ్రయానికి ఒకప్పుడు ఆయన పేరే ఉండేది. నాకు మొదట దొరికింది ప్లాటిపస్ గురించిన వ్యాసమే.

కాబట్టి డబ్బు కట్టే ముందు ముఖపత్రం, అంటే పుస్తకం పేరు, రచయిత పేరు అచ్చయి ఉండే లోపలి పుట, ఫోటో పంపమని అడగండి, అట్ట ఫోటో కాదు. హోదా కర్నల్ అయితే మనవాడు, లెఫ్టినెంట్ జనరల్ అయితే కాబూల్‌వాడు. ముఖపత్రం పంపడానికి వెనకాడేవారి దగ్గర కొనవద్దు. 1884 నాటి పుస్తకానికి కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది కనుక ఎవరైనా, ఏ అట్టతోనైనా ముద్రించుకోవచ్చు. నేను చూసినంతలోనే మూడు వేర్వేరు అట్టలతో అదే పుస్తకం ఉంది.

నేను కొన్న ప్రకటన ఈ ఉదయం కూడా హికీ బొమ్మతోనే ఉంది. ధర మాత్రం రెండు వందలు పెరిగింది.