బిటర్స్ చేసుకునేవాళ్లకు బేగంబజార్ మూలికల దుకాణాలు

బిటర్స్ అంటే మూలికలు ఆల్కహాల్‌లో నానబెట్టి, కాక్‌టెయిల్‌లో చుక్కలుగా వేసుకునే చేదు సారం. హైదరాబాద్‌లో ఇంట్లో కాక్‌టెయిల్ బిటర్స్ చేసుకోవాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది, చేదు కోసం వేసే జెన్షియన్ వేరు ఎక్కడ దొరుకుతుందనే. ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు గానీ, దాని కోసం అంత ఖర్చు పెట్టనక్కర్లేదు. బేగంబజార్ వెళ్లి, మూలికల దుకాణంలో చిరాయతా అడగండి. జెన్షియన్ యూరప్ కొండల మొక్క, చిరాయతా హిమాలయాలది. రెండిటిదీ ఒకే కుటుంబం. రెండిట్లోనూ అమరోజెంటిన్ అనే చేదు పదార్థం ఉంటుంది. ఫార్మసీ చదివినదాన్ని కాబట్టి ధైర్యంగా చెబుతున్నా, మనకు తెలిసిన చేదుల్లో అంతకు మించినవి చాలా అరుదు.

అయితే చిరాయతా అడిగితే చాలాచోట్ల నేలవేము కట్ట తీసి చేతిలో పెడతారు. ఒక దుకాణంలో కుర్రాడు "రెండూ చేదే కద మేడమ్, ఏది తీస్కుంటే ఏమైతది?" అన్నాడు. బిటర్స్‌కి చాలా తేడా అవుతుంది. నేలవేముతో ఆకు పసరు వాసన దిగుతుంది, చేదు గొంతులోనే ఉండిపోతుంది, పైన వేసిన కమలా తొక్క, యాలకులు ఏవీ తెలియవు. చిరాయతా చేదు నాలుక మీద చటుక్కున తగిలి, మిగతా వాసనలకు చోటిస్తుంది. గుర్తుపట్టడం కష్టమేం కాదు. నేలవేము కాడ నలుపలకలుగా, పచ్చగా ఉంటుంది. చిరాయతా కాడ మొదట్లో గుండ్రంగా, గోధుమరంగులో కాస్త ఊదా కలిసినట్టుంటుంది, విరిస్తే లోపల పసుపు బెండు కనిపిస్తుంది. విరిచి చూడనివ్వని చోట కొనకండి. పొడి అసలే వద్దు, అందులో ఏం కలిసిందో కనిపెట్టలేం.

నాకు బేగంబజార్ మీద ఇంత ఇష్టం ఉండటానికి అసలు కారణం మాత్రం పోట్లీ మసాలా. నిహారీ అనే మాంసం పులుసులో గుడ్డకట్టి వేసే ఈ మసాలాలో వట్టివేరు, ఎండు గులాబీ రేకులు, రాతిపువ్వు, పాన్ కీ జడ్, ధనియాలు లాంటివి పడతాయి. బిటర్స్ చేసేవాళ్లకు ఇంతకంటే మంచి సరంజామా ఏ ఊళ్లో ఉంటుంది! కట్టిన ప్యాకెట్ తీసుకోకుండా దినుసులు విడివిడిగా అడగండి. వట్టివేరు, కమలా తొక్క జోడీ కుదిరినంత బాగా నా సీసాల్లో ఇంకేదీ కుదరలేదు. రాతిపువ్వు చిటికెడు చాలు, విస్కీలో వేస్తే మట్టివాసన అద్భుతంగా నిలబడుతుంది. తోకమిరియాలు కూడా తెచ్చుకోండి, జిన్‌లోకి బాగుంటాయి.

కమలా తొక్క మాత్రం అక్కడ కొనొద్దు. నేను చూసినవన్నీ పాతబడి, నూనె ఎండిపోయినవే. చలికాలంలో నాగ్‌పూర్ కమలాలు వచ్చినప్పుడు లోపలి తెల్లపొర గీకేసి నీడలో ఎండబెట్టుకోండి.

దినుసులు నానబెట్టడానికి వైన్స్‌లో దొరికే మామూలు వోడ్కా చాలు, అందులో ఆల్కహాల్ 42.8 శాతం ఉంటుంది. పేరున్న ఆంగోస్తురా బిటర్స్ సీసా మీద 44.7 అని ఉంటుంది కాబట్టి, మనం పెద్దగా వెనకబడినట్టు కాదు. ఆ ఆంగోస్తురా కూడా 1824లో వెనెజువెలాలో యోహాన్ సీగర్ట్ అనే సైనిక వైద్యుడు కడుపు బాధలకని చేసిన మందే. అందుకే నేను టింక్చర్ పద్ధతే పాటిస్తాను: ఏ దినుసు సీసా దానిదే. వంద మిల్లీలీటర్ల వోడ్కాకు అయిదు గ్రాముల చిరాయతా వేసి, మర్నాటి నుంచే చుక్క నీళ్లలో కలిపి రుచి చూస్తూ, రెండుమూడు రోజుల్లో వడకట్టేస్తాను. లవంగాలు, యాలకులు కూడా తొందరగానే దిగుతాయి. వట్టివేరుకి, తొక్కకి వారం పైనే పడుతుంది. ఆ తర్వాత డ్రాపర్‌తో కొలిచి కలుపుకోవడమే. మందు తాగనివాళ్లకు మాత్రం నిమ్మకాయ సోడాలో కూడా వేయకండి, అది ఆల్కహాలే.

ఒక జాగ్రత్త. పాత బిటర్స్ రెసిపీల్లో వస కొమ్ము కనిపిస్తుంది, ఈ దుకాణాల్లో అడగగానే ఇస్తారు. తీసుకోకండి. అందులోని బీటా-అసరోన్ మంచిది కాదు, అమెరికాలో 1968లోనే ఆహారంలో వాడకుండా నిషేధించారు. షుగర్‌కి మందులు వాడేవాళ్లు చిరాయతా విషయంలో డాక్టర్‌ని అడగాలి.

అసంతృప్తి లేదా అంటే ఉంది. హోల్‌సేల్ బజారు కాబట్టి పెద్ద దుకాణాల్లో పావుకిలోకి తక్కువైతే ఇవ్వం అంటారు, మనకు కావలసింది గుప్పెడే. గల్లీ లోపలి చిన్న దుకాణాల్లో యాభై గ్రాములైనా విసుక్కోకుండా తూచి ఇస్తారు, కట్ట విప్పి చూపిస్తారు. సరుకు ఎప్పటిదో మాత్రం ఎవరూ చెప్పరు, ముక్కునే నమ్ముకోవాలి. అయినా తెచ్చిన సరుకంతా కలిపి ఒక విదేశీ బిటర్స్ సీసా ఖరీదులో సగం కూడా కాలేదు. నాణ్యతకీ, ధరకీ అయిదుకి నాలుగున్నర ఇస్తాను.

ఆదివారం చాలామటుకు మూసే ఉంటాయి. మామూలు రోజున పొద్దున్నే, ట్రాలీలు గల్లీలు నింపకముందే వెళ్లండి. బండి తీసుకెళ్లకండి, పెట్టుకోవడానికి చోటుండదు. పొట్లాలన్నీ ఒకే రకం కాగితంలో కడతారు కాబట్టి ఏది ఏ వేరో అక్కడే పెన్నుతో రాసుకోండి.