గ్రెనడా జాజికాయ: పెంకుతో కొంటేనే లాభం

కరీబియన్ దీవి గ్రెనడా నుంచి ఏం తెచ్చుకోవాలని ఎవరడిగినా నేను ముందు చెప్పేది పెంకు తీయని జాజికాయలే. చాక్లెట్, రమ్ము, బాతిక్ గుడ్డ, మసాలా దండ, ఇవన్నీ ఆ తర్వాతే. జెండా మీద జాజికాయ ఉన్న దీవి కాబట్టి ఎక్కడ చూసినా అదే అమ్ముతారు. కానీ ఏ రూపంలో కొన్నామన్నదాన్ని బట్టే అది నాలుగేళ్ళు వస్తుందా, నాలుగు నెలల్లో చెత్తబుట్టకు పోతుందా అన్నది తేలుతుంది. పొడి, పెంకు తీసిన గింజ, దండకు గుచ్చిన గింజ, పెంకుతో ఉన్న కాయ, ఈ నాలుగూ ఒకే వంటింట్లో ఏళ్ళ తరబడి వాడాక రాస్తున్న మాటలివి.

మన కిరాణా కొట్లలో ఎక్కువగా దొరికేది పెంకు తీసిన గింజ. దాని చుట్టూ నల్లగా, నున్నగా మెరిసే పెంకు ఒకటి ఉంటుంది. మందం మిల్లీమీటరు ఉంటే ఎక్కువ, కానీ అది చిట్లనంతవరకూ లోపలి నూనె ఎగిరిపోదు, పక్క డబ్బాలోని ఇంగువ వాసన పట్టదు, పురుగుకు దారి దొరకడం కష్టం. పొడి రెండు మూడు నెలలకే చప్పబడిపోయింది. పెంకు తీసిన గింజ ఏడాది దాటాక మెల్లగా మందగించింది. పెంకుతో ఉన్న కాయను మాత్రం నాలుగో ఏట పగలగొట్టినా తురుముతుంటే పక్క గదిలోకి వాసన వస్తోంది. ఇంత తేడా ఉంటుందని ఎవరైనా ముందే చెప్పినా నమ్మడం కష్టం.

కొనేటప్పుడు ప్రతి కాయనూ చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల గింజ కదిలి టకటకమనాలి. గ్రెనడాలో కాయల్ని చెక్క తట్టల్లో పోసి, తరచూ తిరగేస్తూ ఆరు నుంచి ఎనిమిది వారాలు నీడలో ఆరబెడతారు. ఆరేకొద్దీ గింజ కుంచించుకుపోయి పెంకు నుంచి విడిపోతుంది, ఆ చప్పుడు దానివల్లే. చప్పుడు రాలేదంటే లోపల ఇంకా తేమ ఉందని అర్థం, అలాంటి కాయ డబ్బాలో బూజు పడుతుంది. తర్వాత వెలుతురులో తిప్పి చూడండి: సూదిమొనంత రంధ్రం కనిపించినా, సన్నటి పగులున్నా పక్కన పెట్టేయండి. కాయ పెద్దదా చిన్నదా అన్నది పట్టించుకోనక్కర్లేదు, వాసనకూ పరిమాణానికీ సంబంధం లేదు.

వీలైతే పశ్చిమ తీరంలో గ్వావ్ ఊళ్ళో ఉన్న జాజికాయ స్టేషన్‌కు వెళ్ళి చూడండి. రైతులు 1947లో పెట్టుకున్న సహకార సంఘానిది అది. పెంకు తీసిన గింజల్ని అక్కడ నీళ్ళలో పోస్తారు. మునిగినవి మేలురకం, తేలినవి నూనె తీయడానికి. చూడముచ్చటగా ఉందని ఇంటికొచ్చి ఈ పరీక్ష చేయకండి, తడిసిన కాయను మళ్ళీ సరిగ్గా ఆరబెట్టడం ఇంట్లో అయ్యే పని కాదు.

కాయల్ని అక్కడి రైతుల దగ్గరే కొనమంటాను, దానికో కారణం ఉంది. 2004 సెప్టెంబరు 7న వచ్చిన ఐవాన్ తుఫాను ఆ దీవిలో జాజికాయ చెట్లను చాలామట్టుకు కూల్చేసింది. అంతకుముందు ప్రపంచంలో ఇండోనేషియా తర్వాత స్థానం గ్రెనడాదే. జాజికాయ మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. పైగా గింజ నాటి పెంచిన మొక్క పూత పూసేదాకా ఆడదో మగదో తెలియదు, మగదైతే కాయే కాయదు. అంత ఓపిక పట్టి మళ్ళీ తోటలు నిలబెట్టుకున్నవాళ్ళు వాళ్ళు. ఓడరేవు దుకాణాల్లో ఎక్కడో అచ్చయిన అయస్కాంతపు బొమ్మలకు పెట్టే డబ్బు వాళ్ళకు చేరితే నాకు తృప్తి.

ఇక మసాలా దండ. గ్రాండ్ ఆన్స్ బీచ్‌లో, సెయింట్ జార్జెస్ మార్కెట్‌లో అమ్మే ఈ దండను మొదట్లో నేను అందరికీ సిఫారసు చేసేదాన్ని. జాజికాయ, జాపత్రి, లవంగం, దాల్చినచెక్క, బిర్యానీ ఆకు, పసుపు కొమ్ము, అల్లం ముక్క, అన్నీ దారానికి గుచ్చి ఉంటాయి. వంటింట్లో వేలాడదీస్తే తలుపు తీసిన ప్రతిసారీ ఘుమఘుమలాడేది. కొన్ని నెలలకు దండ కింద గట్టు మీద సన్నటి గోధుమరంగు పొడి రాలడం మొదలైంది. తుడిస్తే మర్నాటికి మళ్ళీ ఉండేది. విప్పి చూస్తే అల్లం ముక్కలు లోపల డొల్ల. పసుపు కొమ్ముల నిండా గుండ్రటి బెజ్జాలు, వాటి నుంచి ఆవగింజ కంటే కాస్త పెద్దవైన ఎర్రటి పెంకు పురుగులు బయటికి వస్తున్నాయి. దారం ఎక్కించడానికి గింజలకు పొడిచిన రంధ్రాలే వాటికి దారి. అల్లంలోనో పసుపులోనో గుడ్లు ముందే ఉంటాయి, వెచ్చటి వంటింట్లో ఒకటి రెండు నెలల్లో కొత్త తరం బయటపడుతుంది. జాజికాయ గింజల్లోకీ చేరాయి. లవంగాల జోలికి మాత్రం పోలేదు. అదే దండ నుంచి పక్కనున్న బియ్యప్పిండి, ధనియాల డబ్బాలకూ పాకాయి, ఆ అల్మరా మొత్తం ఖాళీ చేయాల్సి వచ్చింది.

దండ కొనాలనే ఉంటే తెచ్చిన రోజే గాలి చొరని జిప్ కవర్‌లో పెట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో వారం ఉంచండి. బయటికి తీశాక కవర్ విప్పకుండా గది వేడికి వచ్చేదాకా ఆగాలి, లేకపోతే చెమ్మ పట్టి బూజొస్తుంది. ఆ తర్వాత కూడా దాన్ని అలంకారంగానే ఉంచండి, వంటకు వాడకండి. నెలల తరబడి నూనె ఆవిరి, దుమ్ము పట్టిన సరుకు అది. టోంకా గింజ (వెనిల్లా లాంటి వాసన వచ్చే నల్లటి గింజ) కలిపిన సరుకు ఇస్తే వద్దనండి, అమెరికాలో 1954 నుంచి దాన్ని ఆహారంలో వాడనివ్వరు.

పెంకు ఉంటే చాలన్నట్టు రాశాను గానీ, పెంకు పగలగొట్టడం కొంచెం చికాకే. కాయను గుడ్డలో చుట్టి, అడ్డంగా పడుకోబెట్టి, అప్పడాల కర్రతో మెల్లగా ఒక్క దెబ్బ వేయాలి. గట్టిగా కొడితే గింజ కూడా చీలుతుంది, చీలిన గింజను తురమడం కష్టం, రోట్లో దంచుకోవాల్సిందే. పెంకు ముక్క తురుములో పడితే పంటికి తగులుతుంది, కాబట్టి తురిమేముందు గింజను గుడ్డతో తుడవండి. కాకినాడ, విశాఖ లాంటి చోట్ల వానాకాలంలో పెంకు మీద కూడా తెల్లటి బూజు వస్తుంది, గాజు సీసాలో బిగించి పెట్టడం తప్పనిసరి. గ్రెనడా కాయ వాసన ఇండోనేషియా కాయంత ఘాటుగా ఉండదు. పాయసంలో, కోవాలో నాకు ఆ మెత్తదనమే నచ్చుతుంది, బిర్యానీకి ఘాటు కావాలనేవాళ్ళకు నచ్చకపోవచ్చు. ఎంత నచ్చినా వాడకం చిటికెడే. ఒక కాయ పొడి మొత్తం ఒక్కరే తింటే ఒళ్ళు తూలి ఆసుపత్రికి పోవాల్సి వస్తుంది.

జాపత్రి రేకులు తెచ్చుకోవచ్చు. కొత్తగా ఎర్రగా ఉండి నెలలు గడిచేకొద్దీ పసుపు రంగుకు తిరుగుతాయి, పాడైందని పారేయకండి. కోకో ఉండలు బాగుంటాయి గానీ ఎండాకాలం సూట్‌కేసులో కరిగి పక్క బట్టలకు అంటుకుంటాయి.

అమెరికాలో దిగేటప్పుడు కస్టమ్స్ వాళ్ళకు మసాలాలు ఉన్నాయని చెప్పండి, బాగా ఎండిన కాయలకు మామూలుగా ఇబ్బంది ఉండదు. పైగుజ్జుతో ఉన్న పచ్చి పండును మాత్రం తీసుకెళ్ళకండి.

అమెరికాలో ఉంటూ ఇంట్లో తరచూ తీపి వంటలు చేసేవాళ్ళకు అరకిలో కాయలు కొన్నేళ్ళు వస్తాయి, వాళ్ళకు నిస్సందేహంగా చెబుతాను. ఏడాదికి ఒకసారి బిర్యానీ వండేవాళ్ళకు పది కాయలే ఎక్కువ. హైదరాబాద్‌లో ఉండేవాళ్ళ మాట వేరు: కేరళ జాజికాయ అక్కడే దొరుకుతుంది, దానికోసం సముద్రాలు దాటి మోయనక్కర్లేదు. వాళ్ళ కోసమైతే పండు పైగుజ్జుతో గ్రెనడాలో చేసే జాజికాయ జామ్ కొంటాను. సీసా 100 మిల్లీలీటర్లు దాటితే చేతి సంచిలో పోనివ్వరు, చెక్-ఇన్ సామానులో బట్టల మధ్య సర్దుకోవాలి.