క్యాన్సర్ తగ్గాక మనసు బాగోలేకపోతే: కొద్ది సిట్టింగుల కౌన్సెలింగా, సపోర్ట్ గ్రూపా?

కీమో అయిపోయి, స్కాన్ క్లియర్‌గా ఉందని డాక్టర్ చెప్పగానే ఇంట్లో అందరికీ పెద్ద భారం దిగిపోతుంది. జబ్బు దాటి వచ్చిన కుర్రాడికో అమ్మాయికో మాత్రం చాలాసార్లు అప్పుడే నిద్ర పట్టడం మానేస్తుంది. చికిత్స నడిచినన్నాళ్లూ తర్వాతి ఇంజెక్షన్ గురించి తప్ప ఆలోచించే తీరిక ఉండదు. అయ్యాక అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఆగిన చదువు, ఇంటర్వ్యూలో ఆ ఏడాది గ్యాప్‌కి చెప్పాల్సిన జవాబు, సంబంధం వాళ్లకి చెప్పాలా వద్దా, పిల్లలు పుడతారా. క్యాన్సర్ వైద్యంలో 15 నుంచి 39 ఏళ్ల వాళ్లని విడిగా చూడటానికి ఇలాంటివీ ఒక కారణం.

అప్పుడు ఎటు వెళ్లాలి? నా మటుకు నేను మొదట చిన్న కౌన్సెలింగ్‌కే ఓటేస్తాను. సపోర్ట్ గ్రూపు, అంటే క్యాన్సర్ చూసినవాళ్లు కలిసి మాట్లాడుకునే బృందం, మంచిదే. దానికి సాధారణంగా ఫీజు ఉండదు, అదే జబ్బు దాటి వచ్చిన మనిషి కళ్లెదురుగా కనిపిస్తే వచ్చే ధైర్యం ఏ నిపుణుడూ ఇవ్వలేడు. కానీ అక్కడ ఎవరికైనా జబ్బు తిరగబెట్టిందని తెలిసిన రోజున గ్రూపంతా వణికిపోతుంది. పైగా ఇరవై ఏళ్ల వాళ్లు యాభై దాటిన వాళ్ల మధ్య కూర్చుని పెళ్లి గురించో శరీరం గురించో నోరు విప్పలేరు.

చిన్న కౌన్సెలింగ్ అంటే నాలుగు నుంచి ఎనిమిది సిట్టింగులు. మొదటి రోజే లక్ష్యం, గడువు పెట్టుకుంటారు. ఇందులోనూ రకాలున్నాయి, ఏ బాధకి ఏది అన్నదే అసలు ప్రశ్న.

మళ్లీ వస్తుందేమో అన్న భయమే పీడిస్తుంటే, ఆ ఆలోచనలతో ఎలా మెలగాలో నేర్పే పద్ధతి మేలు. ఆస్ట్రేలియాలో 'కాంకర్ ఫియర్' అనే అయిదు సిట్టింగుల కార్యక్రమాన్ని 222 మంది మీద పరీక్షించి 2017లో ఫలితాలు ప్రకటించారు. అన్నే సిట్టింగుల రిలాక్సేషన్ శిక్షణ కంటే అది భయాన్ని ఎక్కువగా తగ్గించింది. అయితే అందులో ఎక్కువమంది నడివయసు వాళ్లు.

కుర్రవాళ్ల కోసమే తయారైంది అమెరికాలోని సియాటిల్ వాళ్ల 'ప్రిజమ్'. 12 నుంచి 25 ఏళ్ల వాళ్లకి నాలుగు ముఖ్య సిట్టింగుల్లో ఒత్తిడి తట్టుకోవడం, లక్ష్యాలు పెట్టుకోవడం, చెడు ఆలోచనని పరీక్షించుకోవడం, జరిగినదాంట్లో అర్థం వెతుక్కోవడం నేర్పుతారు. 2018లో వచ్చిన ఫలితాల్లో తట్టుకునే శక్తి పెరిగి, దిగులు తగ్గింది. అందులో పాల్గొన్నవాళ్లకి అప్పటికింకా చికిత్స నడుస్తోంది, కాబట్టి చికిత్స ముగిసేదాకా ఆగనక్కర్లేదు.

మంచం దిగాలనిపించని దిగులైతే ఆలోచనల జోలికి పోకుండా రోజుకో చిన్న పని పెట్టుకుని మొదలుపెట్టే పద్ధతి నాకు బాగా నచ్చుతుంది. గోవాలో 495 మంది మీద చేసిన పరిశోధనలో, డిగ్రీలున్న సైకాలజిస్టులు కాకుండా శిక్షణ పొందిన మామూలు మనుషులే ఆరు నుంచి ఎనిమిది సిట్టింగుల్లో ఇది చేసి డిప్రెషన్ తగ్గించారు. అక్కడ కౌన్సెలింగ్ తీసుకున్నవాళ్లు క్యాన్సర్ పేషెంట్లు కారు, అయినా నిపుణులు తక్కువగా ఉన్న మన జిల్లాలకి ఇది పెద్ద ఆశ. ఉద్యోగం, డబ్బు, సంబంధం లాంటి చిక్కులైతే ఒక్కో సమస్యనీ విడదీసి దారులు వెతికే కౌన్సెలింగ్ అడగండి.

ఏది ఎంచుకున్నా, అమ్మానాన్న గది బయట కూర్చోవాలి. పక్కనే ఉంటే పిల్లలు 'బాగానే ఉన్నాను' అనే అంటారు.

వారాల తరబడి నిద్ర, తిండి లేకపోతే చిన్న కౌన్సెలింగ్ సరిపోదు, సైకియాట్రిస్ట్ కావాలి, అవసరమైతే మందులూ కావాలి. చనిపోవాలనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. వెంటనే ఇంట్లో ఒకరికి చెప్పి దగ్గరి ఆస్పత్రికి వెళ్లండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.