కంటిపాపలో వెండి పళ్లెం: తొమ్మిదేళ్లు వాడిన రిఫ్లెక్టర్

పోయిన నెల హార్డ్‌డిస్క్ నిండిపోతే పాత ఫొటోలు తీసేద్దామని కూర్చున్నాను. ఒక పోర్ట్రెయిట్‌ని బాగా జూమ్ చేస్తే కంటిపాపలో గుండ్రటి తెల్ల మెరుపు, దాని అంచున చిన్న నల్ల చుక్క కనిపించాయి. ఇంకా దగ్గరికి లాగితే ఆ చుక్క ఒక మనిషి తల. ఎండని ముఖం మీదికి తిప్పే రిఫ్లెక్టర్ పట్టుకున్న మనిషి! ఆ రోజు పట్టుకున్నది ఎవరో గుర్తు తెచ్చుకోవడానికి కాసేపు పట్టింది. తర్వాత ఇంకో ఫొటో, ఇంకో కన్ను, ఇంకో తల. ఒక్క ఫైలూ తీసెయ్యకుండానే పొద్దు గుంకింది.

ఆ రిఫ్లెక్టర్ 2016లో ఆన్‌లైన్‌లో తెప్పించాను. రూ.1,200 లోపే పడింది. సంచి మీద కంపెనీ పేరు రెండో ఏడాదికే చెరిగిపోయింది కాబట్టి ఏ కంపెనీదని అడక్కండి. 110 సెంటీమీటర్ల గుండ్రటిది. లోపల స్టీలు రింగుకి కుట్టిన పల్చటి తెల్ల గుడ్డ, ఎండని వడగట్టి మెత్తబరిచే డిఫ్యూజర్ అదే. దానిమీద దిండు గలేబులా తొడుక్కునే జిప్పు కవరు. ఆ కవరుని లోపలికీ బయటికీ తిప్పుకుంటే వెండి, బంగారు, తెలుపు, నలుపు వస్తాయి. మొత్తం అయిదు. మా కోనసీమ ఊళ్లలో పిల్లలు దాన్ని ‘వెండి పళ్లెం’ అనేవాళ్లు, నాకూ అదే అలవాటయింది.

అంతకు ముందు నేనొక్కణ్ణే షూట్లకి వెళ్లేవాణ్ణి. కెమెరా, ఫ్లాష్, బైకు. ఈ పళ్లెం వచ్చాక అది కుదర్లేదు. రెండు చేతులూ కెమెరాకే సరిపోతే దీన్ని పట్టేదెవరు? స్టాండు కొన్నాను గానీ కాలువగట్టు మీద గాలికి అది నిలబడితేగా. దాంతో షూట్‌కి ఎవరు దొరికితే వాళ్ల చేతిలో పెట్టడం మొదలైంది. ఇబ్బందిగా మొదలైన ఆ పద్ధతే నా ఫొటోల్ని మార్చింది. అయితే ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

ముందు బంగారు వైపు సంగతి తేల్చేస్తాను. దండగ. మన చామనఛాయ ముఖాలకి పట్టిస్తే పసుపు రాసుకుని స్నానానికి బయల్దేరినట్టుంటారు. సాయంత్రం ఎండలో మరీ ఘోరం. తొమ్మిదేళ్లలో అది పనికొచ్చింది ఒక్కసారే, వాన పడుతుంటే కెమెరా బ్యాగు మీద కప్పడానికి.

తెలుపు నెమ్మదస్తురాలు. ఎండని మెత్తగా చెదరగొట్టి ఇస్తుంది, అందుకే దూరం పెరిగేకొద్దీ చప్పున బలం తగ్గిపోతుంది. ముఖానికి మూడడుగుల లోపే ఉండాలి. మనిషిని సూర్యుడికి వీపు పెట్టి నిలబెట్టి, తెలుపుని ఎదురుగా కొంచెం పక్కకి, ముఖం ఎత్తున పట్టించాలి. కొత్తగా పట్టుకునేవాళ్లు చేతులు నొప్పెట్టి దించేస్తుంటారు. కిందనుంచి వెలుతురు కొడితే ఎంత అందగాడైనా బేతాళుడే.

వెండి అలా కాదు. అది సగం అద్దం. ఎండని దాదాపు అలాగే తిప్పి కొడుతుంది, పది పదిహేనడుగుల దూరం నుంచి కూడా పని చేస్తుంది. కొత్తలో నేను దాని మోజులో పడ్డాను. నేను చేసిన తప్పు కూడా దానితోనే.

2018 వేసవి. రావులపాలెం దగ్గర ఒక ఊళ్లో పాత మండువా ఇల్లు. ఎనభైకి దగ్గర్లో ఉన్న ఒక మామ్మగారి ఫొటో తీయడానికి వెళ్లాను. పెరట్లో కొబ్బరిచెట్ల పక్కన కుర్చీ వేయించి, ఎదురుగా వెండి పట్టించాను. పట్టుకున్నది ఆవిడ కోడలు. రెండు నిమిషాలకే కోడలు, “అన్నయ్యగారూ, అత్తయ్యగారికి మొన్న మాఘంలో శుక్లం ఆపరేషన్ అయిందండీ, కళ్లల్లోకి కొడుతోందేమో” అంది. “ఒక్క నిమిషమండీ, అయిపోయింది” అన్నాను. ఒక్క నిమిషం పదయింది. మామ్మగారి కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఒక చుక్క ముక్కు పక్కగా జారింది. నేను అదే క్షణాన నొక్కాను.

ఆ ఫొటోకి వచ్చిన మెప్పు నా ఏ ఫొటోకీ రాలేదు. ‘తల్లి మనసు’ అన్నారు, ‘ఒంటరితనం’ అన్నారు. ఒక పోటీలో బహుమతి కూడా వచ్చింది. ఎవరికీ తెలియని విషయం ఏమిటంటే అది దుఃఖం కాదు, వెండి గుడ్డ. ఏడాది పాటు ఆ ఫొటో మా స్టూడియో గోడ మీద ఉంది. చూసినప్పుడల్లా ఆవిడ ముఖం కాకుండా, “ఒక్క నిమిషమండీ” అన్న నా గొంతే గుర్తొచ్చేది. చివరికి తీసేశాను. పట్టుకున్న మనిషికి ముఖం నాకన్నా బాగా కనిపిస్తుంది, నేను ఒక కన్ను మూసుకుని ఉంటాను కదా. కోడలు చెప్పింది, నేను వినలేదు.

అప్పట్నుంచి పళ్లెం ఎవరి చేతిలో పెట్టాలన్నది ఆలోచించి పెడుతున్నాను. ఫొటోలో ఉన్న మనిషి చూపు కెమెరా వైపు కన్నా పళ్లెం పట్టుకున్నవాళ్ల వైపే ఎక్కువ పోతుంది. అక్కడ తమ్ముడుంటే ఒక నవ్వు, మావగారుంటే ఇంకో రకం నవ్వు. కొత్తగా పెళ్లయిన అమ్మాయి చేత పట్టించి భర్తని తీస్తే ఏ పోజూ చెప్పక్కర్లేదు. భార్యాభర్తలకి పెళ్లయి పాతికేళ్లు దాటితే మాత్రం వద్దు. “కడుపు లోపలికి పీల్చండి” అని ఆవిడ, “నువ్వు ముందు సరిగ్గా పట్టుకో” అని ఆయన. ఒక షూట్ అక్కడే ఆగిపోయింది.

మా డెల్టాలో అన్నిటికన్నా పనికొచ్చేది నలుపు వైపు. బయటివాళ్లకి ఇది వింతగా ఉంటుంది, రిఫ్లెక్టర్‌కి నలుపెందుకని. వరిచేలో, అరటితోటలో, కొబ్బరితోటలో నిలబెట్టి ఫొటో తీసి చూడండి. గడ్డం కింద, బుగ్గ పక్కన పచ్చటి ఛాయ. ఆకులోంచి దిగిన వెలుతురు, చేలోంచి ఎగసిన వెలుతురు అంతా పచ్చే. కంప్యూటర్‌లో దాన్ని తీసేస్తే పెదాల రంగు కూడా పోతుంది. నలుపు వైపుని ఆ పక్కన అడ్డం పెడితే పచ్చదనం ఆగిపోతుంది, ముఖం అంచు కూడా తేటగా తేలుతుంది. వేసవిలో గోదారి ఇసుకతిన్నెల మీద ఇంకో బాధ. ఇసుకే పెద్ద రిఫ్లెక్టర్, కిందనుంచి కొడుతుంది. అక్కడ నలుపుని నేలమీద పరిచేస్తాను.

నలుపుకి ఇంకో వాడకం నరసాపురం వైపు ఒక ఊళ్లో ఒకావిడ నేర్పింది. అక్కడి లేసు అల్లకానికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గానీ, నేను వెళ్లింది అంతకు చాలా ముందు. ఆవిడ కట్టుకున్నది తెల్ల చీర, ఒళ్లో తెల్ల లేసు. రెండూ కలిసిపోయి ఏ పువ్వు ఎక్కడుందో తెలియట్లేదు. నేను లైటు అటూ ఇటూ మార్చి చెమటలు కక్కుతుంటే ఆవిడ అల్లికసూది పక్కన పెట్టి, “ఆ నల్లది ఇలా ఇవ్వండి బాబూ” అని తీసుకుని ఒళ్లో పరుచుకుంది. దానిమీద లేసు వేసింది. బేరానికి వచ్చినవాళ్లకి నల్లగుడ్డ మీద వేసే చూపిస్తారట. ఒక్కో ముడి లెక్కపెట్టుకోవచ్చు. ఫొటో కింద నా పేరుంది, ఆలోచన ఆవిడది. ఇప్పుడైతే ఇద్దరి పేర్లూ వేస్తున్నాను, అదీ వాళ్లని అడిగాకే.

డిఫ్యూజర్ గురించి రెండు ముక్కలు. ఆత్రేయపురం పూతరేకుని ఎండకి పట్టి చూశారా? సరిగ్గా అలాంటి వెలుతురు. మిట్టమధ్యాహ్నం తప్పనిసరై తీయాల్సి వస్తే ఇదే దిక్కు. తలకి దగ్గరగా పట్టించాలి, నీడ అంచు భుజాల మీద పడకుండా చూసుకోవాలి. తలమీద ఎత్తి పట్టుకోవాలి కాబట్టి చేతులు తొందరగా పీకుతాయి, ఇద్దరుంటే మంచిది.

ఇక లోపాలు. మడత పెట్టడం ఒక విద్య. రెండంచులూ పట్టుకుని ఒక చెయ్యి అటు, ఒక చెయ్యి ఇటు మెలితిప్పితే మూడు చుట్లుగా ముడుచుకోవాలి. ముడుచుకోదు. జారితే మూతి పగులుతుంది. నాకు ఆర్నెల్లు పట్టింది. అంతర్వేది దగ్గర సముద్రపు గాలికి ఒకసారి నా అసిస్టెంట్ చేతిలోంచి లేచిపోయి గోదారి కలిసేచోట నీళ్లలో పడింది. పడవలో ఉన్న ఒకాయన తెడ్డుతో లాగి తెచ్చి, నీళ్లు విదిలించి, ఎప్పుడూ చూడని వస్తువుని ఒక్క మెలికతో మడిచి చేతికిచ్చాడు. నేను నోరెళ్లబెడితే, “వల మడతెట్టినట్టేగదండీ” అన్నాడు. ఆయన ఫొటో కూడా తీశాను, పళ్లెం తడిసిపోయింది కాబట్టి పళ్లెం లేకుండానే.

ఆ ఉప్పునీటి స్నానంతో దానికి రోగం పట్టుకుంది. రింగు అతుకు దగ్గర తుప్పు లేచి డిఫ్యూజర్ గుడ్డకి గోధుమరంగు మరకలు దిగాయి. మంచినీళ్లతో కడిగి ఆరబెట్టి ఉంటే బతికేదేమో, నేను అలాగే సంచిలో కుక్కేశాను. జిప్పు నాలుగో ఏడాది పోయింది, దర్జీ చేత మార్పించాను. వెండి పూత మడతల దగ్గర రాలి పొడిగా చేతులకి అంటుకునేది. అయినా ఆ డబ్బుకి తొమ్మిదేళ్లంటే ఎక్కువే. మళ్లీ కొంటారా అంటే కొన్నాను కూడా. ఈసారి కోలగా, రెండు పిడులు ఉన్నది. ఒక్కరే గట్టిగా పట్టుకోవచ్చు. కానీ బైకు మీద తీసుకెళ్లడం కష్టం.

మామ్మగారి ఇంటికి 2021లో మళ్లీ వెళ్లాను. మొదటి ఫొటో సంగతి మొత్తం చెప్పేశాను. ఆవిడ, “అందుకా నాయనా, మూడ్రోజులు కళ్లు మండాయి” అని నవ్వేసింది. ఈసారి ఎక్కడ కూచుంటారో మీరే చెప్పండన్నాను. మండువా అంచున, స్తంభం పక్కన కూచుని చేటలో బియ్యం పోసుకుంది. నేను సంచి జిప్పు తీయబోతుంటే, “నలభయ్యేళ్లుగా రాళ్లు ఏరుతున్నా. వెలుతురు ఎక్కడుంటుందో నాకు తెలీదా?” అంది. పైనుంచి దిగిన వెలుతురు చేటలోని బియ్యం మీద పడి, తెల్లగా, మెత్తగా ముఖం మీదికి లేచింది. సంచి తెరవలేదు. ఆ ఫొటోని జూమ్ చేస్తే కంటిపాపలో పళ్లెం లేదు, ఎవరి తలా లేదు. నలుచదరపు ఆకాశం, కింద చేట అంచు.

పోయిన వేసవిలో రింగు విరిగిపోయిందని మాటల్లో చెబితే, “ఆ పల్చటి గుడ్డ పారెయ్యకు అబ్బాయ్” అంది మామ్మగారు. రింగులోంచి కత్తిరించి ఇచ్చాను. మొన్న వెళ్లేసరికి డాబా మీద దానిమీద బూడిదగుమ్మడి వడియాలు ఎండుతున్నాయి. తుప్పు మరకలున్న చోట మాత్రం ఖాళీ వదిలేసింది.