కృష్ణ ఒడ్డా, కొండపల్లా, కొండవీడా? కెమెరా పట్టుకుంటే ఏది మేలు?

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఏముందండీ, ఫొటోలు తీస్తే గండికోటలోనో లంబసింగిలోనో తీయాలి అనేవాళ్లు చాలామంది. గండికోటకు సెలవు పెట్టాలి, గది దొరకాలి, తీరా వెళ్లాక ఆకాశం మొహం మాడ్చుకుంటే ఆ ఖర్చంతా దండగ. దగ్గరి చోటుతో ఆ బెంగ లేదు. వెలుగు కుదరకపోతే వచ్చే ఆదివారం మళ్లీ పోవచ్చు. కాబట్టి ఒక పూటలో వెళ్లి రాగలిగిన మూడు చోట్లనే ఇక్కడ పోల్చి చూస్తున్నాను.

ముందు నది. ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది, పొడవు కిలోమీటరు పైచిలుకు. దాని మీద నిలబడితే ఎగువన నిండు నీళ్లు, దిగువన చాలా నెలలు ఇసుక మేటలూ మధ్యలో సన్నటి పాయలూ కనిపిస్తాయి. అటు తిరిగితే ఒక ఫొటో, ఇటు తిరిగితే దానికి పొంతనే లేని ఇంకో ఫొటో. వరద వచ్చి గేట్లు ఎత్తితే అది మూడోది. గేట్ల కింది నురుగును షట్టర్ అర సెకను నుంచి రెండు సెకన్లు తెరిచి ఉంచి తీస్తే బాగుంటుంది. అంతకు మించితే నీళ్లు పొగలా మారి, వరద ఉధృతి ఫొటోలో మిగలదు. ట్రైపాడ్‌ను మాత్రం బ్యారేజీ మీద పెట్టకండి. బండి వెళ్లినప్పుడల్లా అదురు వస్తుంది, నడిచేవాళ్లకూ అడ్డం. ఒడ్డునే పెట్టుకోవాలి. తుంపర లెన్స్ మీద పడుతూనే ఉంటుంది, జేబులో మెత్తటి గుడ్డ ఉండాలి.

చాలామంది పట్టించుకోనిది సూర్యుడి దిక్కు. మన దగ్గర జూన్ మూడో వారానికి సూర్యుడు నేరు పడమరకు దాదాపు 25 డిగ్రీలు ఉత్తరంగా దిగుతాడు, డిసెంబరు మూడో వారానికి అంతే దక్షిణంగా. కృష్ణేమో ఊరికి వాయవ్యం వైపు నుంచి వస్తుంది. అంటే వేసవిలో బ్యారేజీ మీంచి చూస్తే సూర్యుడు నది వచ్చే వైపుకు జరిగి అస్తమిస్తాడు, చలికాలంలో ఉండవల్లి ఒడ్డు మీదకు ఒరిగిపోతాడు. డిసెంబరులో సూర్యుడూ నీళ్లూ రెండూ ఫ్రేములో ఉండాలంటే బ్యారేజీ వదిలి భవానీపురం వైపు, పున్నమి ఘాట్‌కు రావాలి. అక్కడ నది నైరుతి దిక్కున ఉంటుంది, పని తేలిక. వాస్తు చూసి ఇళ్లు కట్టే ఊళ్లలో ఫొటోకు మాత్రం దిక్కు చూసేవాళ్లు తక్కువ!

చలికాలం పొద్దున్నయితే అవతలి ఒడ్డున సీతానగరం వైపు నిలబడాలి. ఇవతల దుర్గమ్మ కొండ, అదే ఇంద్రకీలాద్రి, నదివైపు ముఖం దక్షిణానికి ఉంటుంది, ఆగ్నేయం నుంచి వచ్చే పొద్దుటి ఎండ పక్కగా పడి రాతి మడతలన్నీ లేస్తాయి. ఫోనుతో తీసేవాళ్లు వైడ్ (ఎక్కువ వెడల్పు పట్టే లెన్స్) పెట్టి కొండను చీమంత చేసేస్తుంటారు. రెండు రెట్లో మూడు రెట్లో జూమ్ పెడితే కొండా బ్యారేజీ దగ్గర దగ్గరగా వచ్చి ఫొటో నిండుతుంది.

ఉండవల్లి గుహలు కూడా ఈ ఒడ్డునే ఉన్నా వాటిని లెక్కలోకి తీసుకోవట్లేదు. పడుకున్న అనంతపద్మనాభుడి విగ్రహం చూసి తీరాల్సిందే. కానీ అక్కడ పని లోపలి చీకట్లో, ఐఎస్ఓ (కెమెరా వెలుగును పట్టే సున్నితత్వం) పెంచుకుని చేసేది. పైగా కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్‌కు ముందే అనుమతి తీసుకోవాలి.

కొండపల్లి గురించి క్లుప్తంగా చెప్తాను. మూడంతస్తుల రాతి బురుజు గంభీరంగా ఉంటుంది, విజయవాడ నుంచి గంట ప్రయాణం కూడా కాదు. చిక్కల్లా ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం గొట్టాలే. కోట మీంచి మంచి ఫ్రేము దొరికిందనుకునేసరికి ఓ మూల గొట్టం తొంగి చూస్తుంది. ఎండాకాలం పొగమసక సరేసరి. ఆ గొట్టాలనే విషయంగా పెట్టుకుని బ్లాక్ అండ్ వైట్‌లో తీసేవాళ్లకు ఇంతకంటే మంచి చోటు లేదు. పచ్చటి లోయలు కావాలంటే మాత్రం నా లెక్కలో ఇది మూడోదే.

కొండవీడు నదికి గట్టి పోటీ. 14వ శతాబ్దంలో రెడ్డిరాజులు ఏలిన కోట, ఇప్పుడు ఘాట్ రోడ్డు మీద బండి పైదాకా పోతుంది. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా దీన్ని కొట్టింది లేదు. వాన వెలిసిన మర్నాడు గాలిలో దుమ్ము ఉండదు, ఒక కొండ వెనక ఇంకో కొండ విడివిడిగా కనిపిస్తాయి. ఇక్కడ వైడ్ కంటే దూరాన్ని దగ్గర చేసే 70-200 మిల్లీమీటర్ల జూమ్ లెన్స్ ఎక్కువ పని చేస్తుంది. వంపు తిరిగే కోటగోడను ముందు పెట్టి కింది మైదానాన్ని దాని వెనక దగ్గరగా తెచ్చుకోండి. కష్టం ఏమిటంటే, ఘాట్ రోడ్డులో బండ్లు వదిలే వేళలు ముందే కనుక్కోవాలి. మనం పైకి చేరేసరికి బారెడు పొద్దెక్కితే తీయడానికి మిగిలేది సీతాఫలాల బుట్టలే. మార్చి తర్వాత గడ్డి ఎండిపోయి కొండంతా గోధుమరంగు, ఆకాశం తెల్లగా. అప్పుడు వెళ్లడం వృథా.

అయితే ఫిబ్రవరి, మార్చిలో ఆ దారిన వెళ్తే కొండ ఎక్కకపోయినా పర్లేదు. పొలాల్లో మిరప కల్లాలు ఉంటాయి. కోసిన కాయలు ఆరబోసినంత మేరా ఎరుపే, మధ్యలో తలకు గుడ్డ కట్టుకుని తాలుకాయలు ఏరే మనుషులు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ ఎరుపు పేలిపోతుంది, ఫొటోలో గింజుకున్నా ఛాయలు రావు. సాయంత్రం నాలుగున్నర తర్వాత వెళ్లి, ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించి తీయండి. రైతును అడిగి అడుగు పెట్టండి, చెప్పులు కల్లం బయటే విడవండి. ఘాటుకు తుమ్ములు ఖాయం, కెమెరా గట్టిగా పట్టుకోండి.

కాబట్టి విజయవాడలో ఉంటూ కొత్తగా కెమెరా కొన్నవాళ్లకు నది. ఏ నెలలోనైనా ఏదో ఒకటి ఇస్తుంది, బస్సు చార్జీతో పని అయిపోతుంది. గుంటూరువాళ్లు వానలు తగ్గాక కొండవీడు, మిర్చి సీజన్లో కల్లాలు పెట్టుకుని, మిగతా నెలలకు బ్యారేజీకి రావచ్చు. సముద్రం మీద సూర్యోదయమే కావాలని పట్టుబట్టేవాళ్లకు బాపట్ల దగ్గర సూర్యలంక ఉంది. విజయవాడ నుంచయితే అర్ధరాత్రి దాటాక లేచి బయల్దేరాలి, పక్కన బండి నడిపేవాడు ఇంకొకడు ఉంటేనే పెట్టుకోండి.